మీ వాకిట్లో కప్పకి కొండగుర్తులు తెలుసా? నాలుగు మూకుళ్లతో కనిపెట్టే పద్ధతి

మాది మల్కాజ్‌గిరిలో పాత ఇల్లు. వాకిట్లో షాబాద్ బండలు, వాటికీ ప్రహరీ గోడకీ మధ్య జానెడు సందు, ఆ సందులో ఒక గోదురు కప్ప. మూడేళ్లుగా అదే కప్ప. వీపు మీద నల్ల బుడిపెలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకున్నాం కాబట్టి అదే అని గట్టిగా చెప్పగలను. ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నర దాటాక బయటికి వస్తుంది, తులసికోట పక్కనుంచి తిరుగుతుంది, నల్లా కింద మూకుట్లోకి దిగి కూర్చుంటుంది. ఒకరోజు మా అత్తయ్య వాకిలి కడుగుతూ నల్లా పక్కనుండే నీలం డ్రమ్ముని నాలుగడుగులు అవతలికి జరిపారు. మూకుడు మాత్రం ఉన్న చోటే ఉంది. ఆ రాత్రి కప్ప డ్రమ్ము దగ్గరికి పోయి, నీటి చుక్క లేని పొడి బండ మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

"అమ్మా, అది నీళ్లని చూసి పోవట్లేదు, డ్రమ్ముని చూసి పోతోంది" అంది మా అమ్మాయి. తను అప్పుడు ఎనిమిదో తరగతి.

ఆ మాట నిజమా, ఆ రాత్రి ఊరికే అలా జరిగిందా అని తేల్చుకోవడానికి మాకు రెండు ఎండాకాలాలు పట్టింది. చాలా తప్పులు చేశాం. మీరు ఆ తప్పులు చేయకుండా ఒక్క సీజన్‌లోనే చూడగలిగేలా ఇది రాస్తున్నాను. కప్పని పట్టుకోవడం, డబ్బాలో పెట్టడం, దూరం తీసుకెళ్లి వదలడం ఇందులో ఎక్కడా లేవు, దయచేసి మీరూ కలపకండి.

ముందు ఒక సంగతి. కదలనివేవీ కప్పకి కనిపించవని చాలామంది నమ్ముతారు. 1959లో లెట్విన్ బృందం కప్ప కన్ను మీద చేసిన పరిశోధన బాగా పేరు తెచ్చుకుంది, చిన్న వస్తువు కదిలితే స్పందించే నరాలు కప్ప కంట్లో ఉన్నాయని అందులో చూపించారు. ఆ తర్వాత అది జనం నోట్లో పడి "కప్పకి కదిలే పురుగు తప్ప ఇంకేమీ కనబడదు" అనే దాకా పోయింది. అది తప్పు. 1982లో థామస్ కాలెట్ అనే పరిశోధకుడు కప్పకీ పురుగుకీ మధ్య కంచె లాంటి అడ్డం పెట్టి చూస్తే, కప్పలు చాలాసార్లు అడ్డం చుట్టూ తిరిగి పురుగు దగ్గరికి పోయాయి. కదలని కంచె కనిపించకపోతే దాన్ని చుట్టి ఎలా పోతాయి? పైగా కప్పల కంట్లో చీకట్లో పనిచేసే కణాలు రెండు రకాలు ఉంటాయి, అందుకే మనకి అంతా బూడిద రంగుగా కనిపించే మసక వెలుతురులో కూడా అవి రంగుల తేడా పట్టగలవు. మా నీలం డ్రమ్ము మనకి రాత్రిపూట నల్లగా కనిపించినా కప్పకి నీలంగానే కనిపించి ఉండొచ్చు.

నేర్చుకోవడం గురించి కూడా మంచి పరిశోధనలు ఉన్నాయి. అర్జెంటీనాలో రూబెన్ ముజియో బృందం అక్కడి రైనెల్లా అరెనారమ్ అనే నేలకప్పల మీద ఏళ్ల తరబడి పని చేసింది. బారుగా ఉండే పెట్టె, నాలుగు మూలలా నాలుగు గిన్నెలు, ఒక్క మూల గిన్నెలోనే కప్పకి నీళ్లు అందుతాయి. గోడలన్నీ ఒకేలా తెల్లగా ఉంటే కప్పలు సరైన మూలకీ, దానికి ఐమూలగా ఉన్న ఎదుటి మూలకీ సమానంగా పోయాయి. ఎందుకంటే బారు పెట్టెలో ఆ రెండు మూలలూ ఒకేలా ఉంటాయి, రెండుచోట్లా పొడుగు గోడ ఒకే చేతి వైపు వస్తుంది. అంటే గది ఆకారాన్ని అవి పట్టుకున్నాయన్న మాట. ఒక గోడకి కంటికి ఆనే గుర్తు తగిలించాక ఆ తికమక పోయి సరైన మూలకే వెళ్లాయి. మన మెదడులో చోట్లనీ దారులనీ గుర్తుపెట్టుకునే భాగం హిప్పోక్యాంపస్, కప్ప మెదడులో దానికి సాటి అయిన మీడియల్ పాలియం అనే భాగం దెబ్బతింటే ఇలా చోటు నేర్చుకోవడం చెడిపోతుందని కూడా ఆ బృందమే చూపించింది. ఆ ప్రయోగాల్లో కప్పల ఒంటి నీరు కొంత తగ్గించి, బరువు చూసుకుంటూ చేస్తారు. అది ల్యాబ్ పని, మనం చేయకూడదు. మనకి ఆ అవసరం కూడా లేదు, మే నెల హైదరాబాద్ ఎండ చాలు.

ఎందుకంటే కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పల్చటి చర్మంతో పీల్చుకుంటుంది, అందుకే మూకుట్లో చతికిలబడి కూర్చుంటుంది. నలభై డిగ్రీలు దాటే రోజుల్లో దానికి ఒక మూకుడు నీళ్లు పెద్ద బహుమతి. కాబట్టి ఇది చేయాల్సిన కాలం మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా. వానలు పడ్డాక వాకిలంతా నీళ్లే, అప్పుడు దానికి ఏ మూకుడైనా ఒకటే, మీకు ఏమీ తెలియదు.

ఇక పని. మొదటి వారం ఏమీ పెట్టకండి, చూడండి అంతే. ఎక్కడినుంచి బయటికొస్తోంది, ఎన్ని గంటలకి, ముందు బల్బు కింద పురుగుల కోసం పోతోందా, నీళ్ల దగ్గరికా, ఏ గోడ వెంట నడుస్తోంది, ఎక్కడ ఆగుతోంది. పై నుంచి ఒక ఫోటో, ఫ్లాష్ లేకుండా. మన ఊళ్లో ఎక్కువగా కనిపించే గోదురు కప్పకి తల మీద నల్లటి గట్లు, ఒంటి మీద నల్ల మొనలున్న బుడిపెలు ఉంటాయి, వీపు మీద వాటి అమరిక ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. వాకిట్లో రెండు మూడు కప్పలుంటే ఈ ఫోటోలు లేకుండా మీ లెక్కలన్నీ కప్పల తక్కెడ అయిపోతాయి. ఈ రాత్రి వచ్చింది నిన్నటిదో వేరేదో తెలియకపోతే అది "నేర్చుకుంది" అని చెప్పడానికి లేదు.

వెలుతురు కోసం ఫోన్ టార్చ్ మీద గిఫ్ట్ ప్యాకింగ్‌కి వాడే ఎర్ర పారదర్శక కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండ్ పెట్టండి. ఎర్ర వెలుతురు వాటిని తక్కువ ఇబ్బంది పెడుతుంది. నేరుగా ముఖం మీద మాత్రం వేయకండి, పక్క గోడ మీద వేస్తే చాలు. ఎనిమిది పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చోండి, రోజూ అదే చోట. మీరు కూడా దానికి ఒక ఆనవాలే, ఈ రోజు ఇటు రేపు అటు కూర్చుంటే లెక్క మారిపోతుంది. ఈ సంగతి మాకు మొదటి ఏడాది మే చివరికి గాని తట్టలేదు, అప్పటిదాకా రాసిందంతా కొట్టేశాం.

ఇంకో పని తప్పకుండా చేయండి. ఫోన్‌ని నేల మీద, రెండంగుళాల ఎత్తులో పట్టుకుని, కప్ప బయటికొచ్చే సందు దగ్గరనుంచి వాకిలి వైపు ఫోటో తీయండి. మనకి అందంగా, స్పష్టంగా కనిపించే సగం వస్తువులు అక్కడినుంచి కనిపించవు. నేను మొదట గుర్తుగా నేల మీద పరిచిన రంగు చాప పెట్టాను, ఆ ఎత్తు నుంచి చూస్తే అది సన్నటి గీత. తులసికోట, డ్రమ్ము, గేటు కింద వీధిలైటు వెలుతురు చార, ఆకాశానికి ఎదురుగా నల్లగా కనిపించే మామిడి కొమ్మ, ఇవీ ఆ కప్ప లోకంలో కొండగుర్తులు. నిలువుగా, అడుగున్నరకి తగ్గకుండా, వెనకాల గోడ రంగుకి బాగా తేడాగా ఉండేదే పనికొస్తుంది.

ఇప్పుడు నాలుగు మూకుళ్లు కొనండి, లేదా పూలకుండీల కింద పెట్టే మట్టి ప్లేట్లు. అంగుళం లోతు చాలు, అంచు కప్ప ఎక్కగలిగేంత తక్కువగా ఉండాలి. నాలుగూ ఒకేలాంటివి, ఒకే కొట్లో కొన్నవి. కప్ప సందుకి నాలుగూ దాదాపు సమాన దూరంలో ఉండేలా, ఐదారు అడుగుల అవతల, ఒకదానికొకటి మూడడుగుల ఎడంగా అర్ధచంద్రాకారంలో పెట్టండి. నాలుగింటిలోనూ నీళ్లు పోయండి. మూడింటి మీద కిటికీలకి వేసే ప్లాస్టిక్ జాలి బిగుతుగా కట్టండి, కాలు ఇరుక్కునే సందు ఉండకూడదు. నాలుగింట్లోనూ నీళ్లెందుకంటే, తేమ వాసన నాలుగు వైపుల నుంచీ ఒకేలా రావాలి. ఒక్కదాంట్లోనే నీళ్లుంటే కప్ప తేమని పట్టుకుని పోయిందో ఆనవాలుని పట్టుకుని పోయిందో మీకు ఎప్పటికీ తెలియదు. మేము మొదటి ఏడాది చేసిన పెద్ద తప్పు ఇదే. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజంతా బకెట్లో మూత లేకుండా నిలవబెట్టి పోయండి. పొద్దున్నే నాలుగూ ఒంపేసి, రుద్ది బోర్లించాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి, కప్ప మీద ప్రేమతో ఇంట్లో డెంగీ తెచ్చుకోకూడదు. రోజూ ఆ కడిగే పనిలోనే నాలుగింటి చోట్లూ మారుస్తూ ఉండండి, ఏదైనా ఒక మూకుడుకి ప్రత్యేకమైన వాసన ఉంటే అది లెక్కలోకి రాకుండా పోతుంది.

మూకుళ్లు మారినా జాలి లేకుండా ఉంచే చోటు మాత్రం ఎప్పుడూ ఒకటే, దాని వెనకాల మీ ఆనవాలు. మాకు నీలం డ్రమ్మే. మీకు డ్రమ్ము లేకపోతే అట్టముక్క మీద నలుపు తెలుపు నిలువు చారలు వేసి నిలబెట్టండి. రాత్రికి ఒక్కసారే లెక్క: కప్ప మొదట ఏ మూకుడిని తాకింది? ఆ తర్వాత ఎన్ని తిరిగినా రాసుకోండి గాని లెక్కలో వేయకండి. ఊరికే గుడ్డిగా తిరిగే కప్ప నాలుగింటిలో ఒకసారి సరైనదాన్ని తాకుతుంది, అంటే పన్నెండు రాత్రుల్లో మూడుసార్లు. ఐదుసార్లు వచ్చినా పొంగిపోకండి, అది అదృష్టం కావచ్చు. పన్నెండులో ఎనిమిదో తొమ్మిదో వస్తే మాత్రం అది అదృష్టం కాదు, నేర్చుకుంది. మా కప్ప మొదటి ఆరు రాత్రుల్లో ఒక్కసారి, తర్వాతి పన్నెండు రాత్రుల్లో తొమ్మిదిసార్లు సరిగ్గా పోయింది. ఆ నోట్‌బుక్ పేజీ మా ఫ్రిజ్ తలుపు మీద ఇంకా ఉంది.

మధ్యలో రెండు మూడు రోజులు కప్ప బయటికే రాకపోతే కంగారు పడకండి. సందులో చేయి పెట్టి చూడటం, కర్రతో కదపడం వద్దే వద్దు. ఒక్కసారి బెదిరిందంటే వారం వెనక్కి పోతారు. అలాగే బయటికొచ్చి పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుంటే బద్ధకం అనుకోకండి. ఫ్రెంచ్ గయానా అడవుల్లో అల్లోబేట్స్ ఫెమొరాలిస్ అనే చిన్న కప్పల మగవాటిని వాటి చోటు నుంచి వందల అడుగుల దూరం తీసుకెళ్లి వదిలితే, చాలాసేపు ఒక్కచోటే ఉండి, ఆ తర్వాత దాదాపు గీత గీసినట్టు తిన్నగా ఇంటికి నడిచాయి. వాటినే నది అవతల, ఎప్పుడూ తిరగని చోట వదిలితే చాలావరకు రాలేకపోయాయి. నాకు ఆ పరిశోధన గురించి తెలిసిన రోజు ఒళ్లు పులకరించింది. పుట్టుకతో వచ్చిన దిక్సూచి ఒక్కటే అయితే నది అవతలి నుంచి కూడా రావాలి కదా? తిరిగిన నేలనే అవి గుర్తుపెట్టుకున్నాయి.

కప్ప సరిగ్గా పోవడం మొదలెట్టాక అసలు ప్రశ్న వస్తుంది. దేన్ని పట్టుకుని పోతోంది? మూడు రకాలుగా పోవచ్చు. "బయటికొచ్చి ఎడమకి తిరుగు" అని ఒంటికి అలవాటై పోవచ్చు. "నీలంగా ఉన్నదాని దగ్గరికి పో" అని పోవచ్చు. లేదా తులసికోట ఇటు, గోడ అటు, వీధిలైటు వెనక, వీటన్నిటి మధ్య ఈ చోటు అని చోటునే పట్టుకోవచ్చు. పరీక్ష పెట్టే రాత్రి ఆనవాలుని మాత్రం పక్క మూకుడు వెనక్కి జరపండి, మూడు మూకుళ్ల జాలీలూ తీసేయండి. జాలీలు ఎందుకు తీయాలంటే, ఎటు పోయినా దానికి నీళ్లు దొరకాలి. ఎండ రోజు రాత్రి మన కుతూహలం కోసం దాన్ని పొడి బండ మీద కూర్చోబెట్టే హక్కు మనకి లేదు. డ్రమ్ము జరిగిన ఆ మొదటి రాత్రి గుర్తొస్తే మా అత్తయ్య ఇప్పటికీ "పాపం" అంటారు.

ఆనవాలు వెంట పోతే గుర్తుని పట్టుకున్నట్టు. పాత చోటికే పోతే చోటునో, ఒంటి అలవాటునో పట్టుకున్నట్టు. మర్నాటి నుంచి నాలుగైదు రాత్రులు అన్నీ యథాస్థానంలో పెట్టి, ఆ తర్వాతే మళ్లీ పరీక్ష. కనీసం మూడుసార్లు చేయండి, ఒక్క రాత్రి చూసి తీర్పు చెప్పకండి. ఇంకో రాత్రి ఆనవాలుని పూర్తిగా తీసేసి చూడండి. అప్పుడు కూడా సరైన చోటికే పోతే అది మీరు పెట్టిన గుర్తుతో పాటు ఇంకేదో చూస్తోంది. ఆ "ఇంకేదో" తిరిగే అలవాటా, చోటా అన్నది తేల్చడం కష్టం, ల్యాబ్‌లో అయితే కప్పని వేరే వైపు నుంచి వదిలి చూస్తారు. మనం ఓపిక పట్టాలి. కొన్ని రాత్రులు అది ముందు బల్బు దగ్గరికి పోయి పురుగులు తిని, అక్కడినుంచి నీళ్లకి వస్తుంది. ఆ రాత్రులు చాలా విలువైనవి. బల్బు దగ్గరినుంచి మూకుడు కుడి వైపు పడుతుంది, సందు నుంచి ఎడమ వైపు. రెండు వైపుల నుంచీ అదే మూకుడికి వచ్చిందంటే ఎడమకి తిరిగే అలవాటు ఒక్కటే కాదని తేలిపోతుంది.

మాకు వచ్చింది చెబుతాను, ఒక్క కప్ప సంగతే అని గుర్తుంచుకోండి. డ్రమ్ముని పక్క మూకుడు దాకా, అంటే మూడడుగులు జరిపితే దాని వెంట పోయింది, నాలుగు పరీక్షల్లో మూడుసార్లు. అర్ధచంద్రం ఆ చివరిదాకా జరిపితే మాత్రం సందు బయట ఆగి, చాలాసేపు కూర్చుని, పాత చోటికే పోయింది, మూడుకి మూడుసార్లు. నాకర్థమైనంతలో అది డ్రమ్మునీ నమ్ముతుంది, చోటునీ నమ్ముతుంది, డ్రమ్ము మరీ తప్పు చోట ఉంటే చోటునే నమ్ముతుంది. మనం కూడా అంతే కదా, సందు చివర కిరాణా కొట్టు బోర్డు రెండు షాపుల అవతలికి మారితే బోర్డు చూసి పోతాం, వేరే వీధిలో కనిపిస్తే ఆగి ఆలోచిస్తాం.

ఒక జాగ్రత్త. చూపు ఒక్కటే ఉభయచరాలకి దారి చూపిస్తుందని మీ నోట్‌బుక్ చూసి ఎవరికీ చెప్పకండి. కాలిఫోర్నియాలో విక్టర్ ట్విట్టీ వాగుల్లో ఉండే న్యూట్‌ల మీద, అంటే బల్లిలా తోక ఉండే ఉభయచరాల మీద పని చేస్తే, చూపు లేని న్యూట్‌లు కూడా తమ వాగుకి తిరిగొచ్చాయి. వాసన, భూమి అయస్కాంతం, సూర్యుడి దిక్కు, ఇవన్నీ వేర్వేరు జాతులు వాడుకుంటాయి. మనం మూకుళ్లతో తేల్చగలిగింది చిన్న ప్రశ్న, వాకిలి అంత ప్రశ్న.

కప్పని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది నిజం కాదు, అవి మనుషుల్లో ఉండే వైరస్ వల్ల వస్తాయి. కానీ గోదురు కప్ప కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లో విషం ఉంటుంది, పెంపుడు కుక్క నోట పట్టకుండా చూసుకోండి, మూకుళ్లు కడిగాక చేతులు సబ్బుతో కడుక్కోండి. బండల సందుల్లో ఉప్పు, బ్లీచింగ్ పౌడర్ చల్లే అలవాటు ఉంటే ఆపేయండి, ఆ పల్చటి చర్మానికి అది నిప్పు లాంటిది. వాకిట్లో తెల్లటి ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్ ఉంటే కప్ప తిరిగే వేళకి ఆపండి, అంత వెలుతురులో ఆనవాళ్లన్నీ చెదిరిపోతాయి.

సొంత వాకిలి లేనివాళ్లు బాధపడకండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ వెనక, సంపు మూత పక్కన కూడా కప్పలుంటాయి, వాచ్‌మెన్ తాతని అడిగితే ఎన్ని గంటలకి ఎటు పోతుందో మీకంటే ముందే చెప్తాడు. అక్కడ మూకుళ్లు పెట్టే వీలు లేకపోయినా రోజూ నడిచే దారిని కాగితం మీద గీసుకోవచ్చు. పదిహేను రాత్రుల గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అవి ఏ స్తంభం దగ్గర కలుస్తాయో కనిపిస్తుంది.

మృగశిర కార్తె వచ్చి మొదటి పెద్ద వాన పడగానే మూకుళ్లు కడిగి లోపల పెట్టేయండి. ఆ రాత్రి నుంచి కప్పలు గుడ్లు పెట్టడానికి నీటి గుంటలకి, చెరువులకి పోతాయి, సఫిల్‌గూడ చెరువు వైపు బండి మీద వెళ్లేవాళ్లు ఆ రెండు మూడు రాత్రులు కాస్త నెమ్మదిగా పోవాలి. మీ కప్ప కనిపించకుండా పోయిన తేదీ రాసుకోండి, తిరిగి వచ్చిన తేదీ రాసుకోండి, ఎటువైపు నుంచి వచ్చిందో రాసుకోండి. మాది పోయిన జులైలో పదకొండు రాత్రులు కనిపించలేదు. పన్నెండో రాత్రి గేటు కిందనుంచి దూరి వచ్చి, వీధిలైటు చార మీద కాసేపు ఆగి, తులసికోట పక్కనుంచి తిరిగి, తన సందులోకి పోయింది.